చకారార్థ విచారం

‘చ’ ఏకాక్షరమే అయినా దాని అర్థనిర్ణయానికై శాబ్దికులు శతాబ్దాలు శ్రమించారు. చకారార్థంలో ద్వంద్వ సమాసం కలుగుతుందని పాణిని మహర్షి అష్టాధ్యాయిలో (2-2-29) విధించారు. ఆ అర్థాన్ని వ్యాఖ్యాతలు సముచ్చయం, అన్వాచయం, ఇతరేతరయోగం, సమాహారం అని నాలుగుగా విభజించారు. భిక్షకు వెళ్ళు, గోవునూ తోలుకొని రమ్మంటే భిక్షయే ప్రధానం. గోవు కనబడితేనే తేవాలి. ఇది అన్వాచయం. చివరి రెండింటిలోనే సమాసం సిద్ధిస్తుంది: ‘రామలక్ష్మణౌ’ ఇతరేతరం, ‘పాణిపాదం’ సమాహారం.

మీమాంసకులకు ఇది కర్మసాఫల్య ప్రశ్న. పురోడాశానికి వ్రీహులు ఒక విధిచేత, యవలు మరొక విధిచేత నిరపేక్షంగా విహితాలు. రెంటినీ కలిపే చకారం లేదు. కలిపితే రెండు విధులూ భంగపడతాయి. కనుక అష్టదోషాలున్నా గత్యంతరం లేక వికల్పాన్నే అంగీకరించారు. ఒక్క అక్షరం లేకపోవడం కూడా శాస్త్రంలో అర్థవంతమే.