ప్రోగ్రాము ముగింపు: గంట మ్రోత నుండి నేటి వరకు

దుకాణదారు సాయంకాలము తలుపులు మూయుటకు ముందు చిట్టాలోని పద్దులను ఆవర్జాకెక్కించి, పెట్టెలోని రొక్కమును సరిచూచుకొనును. అట్లు చేయక తాళము వేసి, చిట్టా కాస్త పోయినచో, బేరము జరిగినను దాని లెక్క మిగులదు. కంప్యూటరులో ప్రోగ్రామును మూయుటయు ఇట్టిదే. అయితే ఈ పద్ధతి ఒక్కనాటిలో ఏర్పడినది కాదు.

1949 మే 6వ తేదీన ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములో, మారిస్ విల్క్స్ బృందము నిర్మించిన ఎడ్‌సాక్ అను కంప్యూటరు తొలి ప్రోగ్రామును నడపినది. ఆదేశములను కాగితపు పట్టీపై చిల్లులుగా పొడిచి యంత్రమునకు అందించెడివారు. ఆ ఆదేశములలో 'జెడ్' అను అక్షరము గుర్తుగా గలది ఒకటి యుండెను. అది రాగానే యంత్రము ఆగి, గంట మ్రోగెడిది. ఆ దినములలో ప్రోగ్రాము ముగియుట యనగా యంత్రము ఆగుటయే.

కాని అంత ఖరీదైన యంత్రము ఊరక నిలిచియుండుట నష్టము గదా! అందుచే 1956లో అమెరికాలో ఐ.బి.యం. 704 కంప్యూటరునకు ఒక పర్యవేక్షక ప్రోగ్రామును తయారుచేసిరి. ఒక పని ముగియగానే యంత్రము ఆగక, అధికారము పర్యవేక్షకునకు చేరును. అది తరువాతి పనిని ఆరంభించును. ఈ విధముగా 'ఆగుట' అన్న మాటకు 'అప్పగించుట' అను అర్థము వచ్చినది.

1969లో బెల్ ప్రయోగశాలలలో మొదలైన యూనిక్స్ వ్యవస్థ ఈ అప్పగింతను మరింత స్పష్టము చేసినది. ముగియు ప్రోగ్రాము ఒక సంఖ్యను తెలిపిపోవును. అది 0 అయినచో పని సవ్యముగా జరిగినదని అర్థము; వేరొకటి అయినచో సాధారణముగా ఏదో లోపమున్నదని అర్థము. ప్రోగ్రామును ఆపుటకు రెండు ముఖ్య సంకేతములు గలవు. 15వ సంకేతము విన్నపము వంటిది. ప్రోగ్రాము తన పనులను సర్దుకొని వెడలవచ్చును. 9వ సంకేతము తిరుగులేని ఆజ్ఞ. సర్దుకొనుటకు వ్యవధి యుండదు.

సర్దుకొనవలసినదేమి? మనము టైపు చేసిన అక్షరములు మొదట మెమరీలో నిలుచును. మెమరీ వేగము గలదే కాని, విద్యుత్తు పోయిన క్షణమున అందలి విషయము చెరిగిపోవును. డిస్కు నెమ్మదియైనను విషయమును నిలుపుకొనును. మెమరీ చిట్టా, డిస్కు ఆవర్జా. కావుననే మొదట పనిని భద్రపరచి, పిమ్మట ప్రోగ్రామును మూసి, కడపట కంప్యూటరును ఆపవలెను. 1995లో వెలువడిన విండోస్ 95 నడచిన అనేక యంత్రములలో, ఇక విద్యుత్తును ఆపవచ్చునను సందేశము తెరపై కనబడిన తరువాతనే మీట నొక్కవలసియుండెడిది.

ప్రోగ్రాము బిగిసిపోయినట్లు తోచినచో కొంతసేపు వేచి, అప్పటికిని కదలనిచో బలవంతముగా ఆపవచ్చును. అది నిజముగా చిక్కుకొన్నదా, దీర్ఘమైన లెక్కలో నున్నదా అని కంప్యూటరే చెప్పరాదా? ఏ ప్రోగ్రామును ఇచ్చినను అది ముగియునో లేదో తప్పక చెప్పగల ఒకే పద్ధతి ఉండజాలదని 1936లో ఆలన్ ట్యూరింగు చేసిన పరిశోధన వలన తేలినది. కనుక ఎంతసేపు వేచియుండవలెనో మనుష్యుడే నిర్ణయించుకొనవలెను.

ఆ ట్యూరింగు పేరిట నెలకొల్పబడిన బహుమతిని 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలసి అందుకొన్నవారు దబ్బాల రాజగోపాలరెడ్డిగారు. వారు 1937లో నాటి చిత్తూరు జిల్లాలోని కాటూరులో జన్మించిరి. అదే జిల్లాకు చెందిన బైరెడ్డిపల్లె విద్యార్థికి ఈ శాస్త్రము దూరపు విషయము కాదు. కంప్యూటరు పాఠమున ప్రోగ్రామును తెరచుటతో పాటు మూయుటను గూడ ఉపాధ్యాయులు నేర్పవలెను. గంట కొట్టగానే మీట నొక్కి పరుగెత్తు విద్యార్థి, ఆ గంటసేపు చేసిన పనినే పోగొట్టుకొనవచ్చును.