డు దే నో ఇట్స్ క్రిస్మస్?

ఇథియోపియా కరువు బాధితుల కోసం బ్రిటన్, ఐర్లండ్ రాక్, పాప్ గాయకులు ‘బ్యాండ్ ఎయిడ్’ పేరుతో 1984 డిసెంబర్‌లో విడుదల చేసిన క్రిస్మస్ పాట. బూమ్‌టౌన్ ర్యాట్స్ గాయకుడు బాబ్ గెల్డాఫ్, అల్ట్రావాక్స్ గాయకుడు మిడ్జ్ యూర్ రాశారు. అక్టోబర్‌లో బీబీసీ ప్రసారం చేసిన కరువు దృశ్యాలు చూసి గెల్డాఫ్ ఈ పనికి పూనుకున్నాడు.

నవంబర్ 25న లండన్‌లోని సార్మ్ వెస్ట్ స్టూడియోలో ఒక్క రోజులోనే గొంతులన్నీ రికార్డు చేశారు. యూ2 బృందం నుంచి బోనో పాడగా, ఫిల్ కాలిన్స్ డ్రమ్స్ వాయించాడు. వీడియో కోసం వేరే సెట్లు వేయలేదు, కథ అల్లలేదు. గాయకులు స్టూడియోకి రావడం, మైకుల ముందు గుమిగూడి పాడటం, అదే చిత్రీకరించారు. తర్వాత వచ్చిన సహాయ గీతాలెన్నో ఈ పద్ధతినే అనుసరించాయి.

బ్రిటన్‌లో పాట ఐదు వారాలు మొదటి స్థానంలో నిలిచింది. 30 లక్షలకు పైగా ప్రతులు అమ్ముడై, 1997 వరకు అక్కడ అత్యధికంగా అమ్ముడైన సింగిల్‌గా ఉంది. 1985 జూలై 13 నాటి లైవ్ ఎయిడ్ సహాయ కచేరీలకు దారి వేసిందీ ఇదే.

పాట మంచి పనే చేసింది, కానీ ‘ఇది క్రిస్మస్ అని వాళ్లకు తెలుసా?’ అనే శీర్షికలోని ప్రశ్న సరైనది కాదు. నాలుగో శతాబ్దంలోనే ఇథియోపియా రాజు ఎజానా క్రైస్తవం స్వీకరించాడు. అక్కడివారు ‘గెన్నా’ పేరుతో జనవరి 7న క్రిస్మస్ జరుపుకుంటారు.