శివుని వాకిట నంది

శివాలయమునకు వెళ్లినవారికి మొదట దర్శన మిచ్చునది శివుడు కాదు, నంది. ధ్వజస్తంభమును దాటినంతనే గర్భాలయమున కభిముఖముగా కాళ్లు ముడుచుకొని కూర్చున్న రాతి బసవన్న కానవచ్చును. మనవారు ఆయన వీపుమీద ఎడమచేయి నుంచి, కుడిచేతి బొటనవ్రేలిని చూపుడువ్రేలిని కొమ్ములపై ఆనించి, ఆ సందునుండి లింగమును దర్శింతురు. కొందరు ఆయన చెవిలో తమ కోరికను మెల్లగా చెప్పుకొందురు. నందికిని స్వామికిని నడుమ నడచుట అపచారమని పెద్దలు పిల్లలను వారింతురు. ఈ ఆచారములు మనకు పుట్టుకతో వచ్చినట్లే యున్నవి. కాని ఈ నంది ఎవరు? స్వామిని మోయు వాహనమా? వాకిలి కాచు సేవకుడా? లేక మన పొలమున నాగలి లాగిన ఎద్దేనా? ఈ ప్రశ్నను పట్టుకొని వెనుకకు నడచినచో, వేర్వేరు త్రోవలను వచ్చిన ముగ్గురు ఒక్క శిలలో కలిసియున్నట్లు మనకు తెలియును.

మొదట వృషభమును గూర్చి చూతము. మొహెంజొదారో, హరప్పా శిథిలములలో దొరకిన ముద్రికలపై పెద్ద మూపురమును, మడతలు మడతలుగా వ్రేలాడు గంగడోలును గల ఎద్దు రూపము చక్కగా చెక్కబడియున్నది. ఆ ముద్రికలమీది లిపి ఇంకను నిశ్చయముగా చదువబడలేదు. కావున ఆ ఎద్దు ఏ దేవునికి చెందినదో నిర్ణయించుటకు వీలులేదు. వేదకాలమునకు వచ్చినచో, ఋగ్వేదమున ‘వృషభ’ శబ్దము బలమును, వర్షమును, సంతానమును ప్రసాదించు దేవతకు బిరుదముగా వాడబడినది. ఇంద్రుని కది తరచుగా వచ్చు విశేషణము. రెండవ మండలమందలి రుద్రసూక్తమున రుద్రుడును అదే పేరుతో పిలువబడెను. ఇది గమనింపదగిన విషయము. అప్పటికి వృషభము రుద్రుని వాహనము కాదు; రుద్రుడే వృషభము.

ఆ దినములలో ఎద్దు ఒక్క శైవుల సొత్తును కాదు. బీహారు రాష్ట్రమందలి రాంపుర్వాలో అశోకుని కాలపు స్తంభమునకు శీర్షముగా నిలిచిన రాతివృషభము క్రీ. పూ. 3వ శతాబ్ది నాటిది. నేడది ఢిల్లీలో రాష్ట్రపతి భవనమున నున్నది. జైనుల మొదటి తీర్థంకరుడైన ఋషభనాథునకు లాంఛనము వృషభమే. శివునితో ఎద్దు జంటగా కనబడుట మనకు స్పష్టముగా తెలియునది నాణెములవలన. కుషాణరాజగు విమకడ్‌ఫీసుని నాణెములమీద త్రిశూలధారియైన దేవుడు నిలిచియుండగా వెనుక ఎద్దు నిలిచియుండును. పుష్కలావతీ నగరపు బంగారునాణెమొకదానిపై ఎద్దు బొమ్మయు, దాని పేరు గ్రీకులిపిలోను ఖరోష్ఠిలిపిలోను గలవు. 6వ శతాబ్దిలో హూణరాజగు మిహిరకులుడు తన నాణెములపై వృషభమునకు జయము పలుకుచు వ్రాయించెను. అయితే ఆ నాణెములలో ఆ ఎద్దుకు ‘నంది’ యన్న పేరు లేదు. అది వృషము, వృషభము మాత్రమే.

మరి నంది ఎవరు? రామాయణపు ఉత్తరకాండమున ఒక కథ కలదు. రావణుడు పుష్పకమున పోవుచుండగా శరవణమున అది నిలిచిపోయెను. ‘ఇచ్చట శంకరుడు క్రీడించుచున్నాడు, మరలిపొమ్ము’ అని అడ్డగించినవాడు నంది. ఆయన పొట్టివాడు, వికృతరూపుడు, వానరముఖుడు. రావణుడు ఆ ముఖమును చూచి నవ్వగా, వానరములచేతనే నీ కులము నశించునని నంది శపించెను. ఇందు కొమ్ములు లేవు, గిట్టలు లేవు. భాగవతమున దక్షుడు చేసిన శివనిందను సహింపలేక లేచి ప్రతిశాపమిచ్చిన నందీశ్వరుడును శివుని అనుచరుడే గాని ఎద్దు కాదు.

లింగపురాణ శివపురాణములలోని శిలాదుని కథ దీనికి మూలము. శిలాదమహర్షి అయోనిజుడు, మృత్యురహితుడు నగు కుమారుని కోరి శివునిగూర్చి తపస్సు చేసెను. యజ్ఞభూమిని దున్నుచుండగా నంది ఆయనకు లభించెను. పిమ్మట మిత్రావరుణులు వచ్చి బాలుడు అల్పాయుష్కుడని చెప్పగా తండ్రి దుఃఖించెను. బాలుడు చలింపక రుద్రజపము చేసి శివుని మెప్పించి, మృత్యువును జయించి, ప్రమథగణములకు నాయకుడయ్యెను. దేవదుందుభులు మ్రోగగా పట్టాభిషిక్తుడైన ఈ గణాధిపతి మనుష్యాకారుడే. నాట్యశాస్త్రజ్ఞులకు సుపరిచితమైన అభినయదర్పణమునకు కర్తగా చెప్పబడు నందికేశ్వరుని పేరును ఈయనను తలపింపజేయును. ఆ గ్రంథమును 1917లో ఆనందకుమారస్వామితో కలసి ఆంగ్లీకరించిన ఆంధ్రుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యయే.

ఈ ఇరువురును వేర్వేరనుటకు కాళిదాసుని కుమారసంభవముకంటె చక్కని సాక్ష్యము లేదు. మూడవ సర్గమున శివుడు తపస్సు చేయుచుండగా లతాగృహద్వారమున బంగారుబెత్తము పట్టి, నోటిపై వ్రేలుంచి, గణములను నిశ్శబ్దముగా నుండుడని ఆజ్ఞాపించినవాడు నంది. ఏడవ సర్గమున శివుడు పెండ్లికి తరలునపుడు, నంది భుజమును ఊతగా గొని, పులితోలు పరచిన వృషభము నధిరోహించెను. ఒకరి చేయి పట్టుకొని మరియొకరిపై ఎక్కుట! ఇంతకంటె స్పష్టముగా చెప్పనవసరము లేదు. గుప్తుల నాటి మహాకవికి నంది వేరు, ఎద్దు వేరు.

అటులైన వీరెట్లు ఒకటైరి? గుడి నిర్మాణమే దీనికి ప్రధానకారణమని మనకు తోచుచున్నది. 7, 8 శతాబ్దులలో దక్షిణాపథమున శిలాలయములు విస్తరించినపుడు వృషభమునకు స్వామి యెదుట నియతమైన స్థానము దొరకెను. విక్రమాదిత్యచాళుక్యుని రాణి లోకమహాదేవి పట్టదకల్లున 8వ శతాబ్దిలో కట్టించిన విరూపాక్షాలయమున నందికి ప్రత్యేకమండపమే కలదు. స్వామి యెదుట, వాకిటికడ, రేయింబవళ్లు కన్నార్పక కనిపెట్టుకొనియుండుట ద్వారపాలకుని పని. ఆ పని ఎద్దుకు సంక్రమించినపుడు ఆయన పేరును సంక్రమించుట సహజమే గదా! పాత నంది మాత్రము పూర్తిగా మరుగుపడలేదు. దక్షిణాది ఆలయములలో పరశువును, లేడిని ధరించి చేతులు జోడించి నిలిచిన అధికారనంది ఆయనయే.

మన తెలుగుదేశమున ఈ కలయిక మరింత గాఢమైనది. క్రీ. శ. 4, 5 శతాబ్దులలో వేంగి నేలిన శాలంకాయనుల తామ్రశాసనముద్రలపై వృషభమున్నది. పల్లవులకు వృషభమే లాంఛనము. ముఖలింగ ప్రాంతము నేలిన తూర్పుగాంగుల శాసనములకు కట్టిన ముద్రలపైనను పరుండిన ఎద్దు కనబడును. నల్లమల సీమలో శిలాదుని కథ స్థలపురాణమై నాటుకొనినది. శిలాదునకు నంది, పర్వతుడు అని ఇరువురు కుమారులనియు, పర్వతుడు శ్రీశైలముగా వెలసెననియు, నంది తపస్సు చేసిన చోటు మహానంది యనియు అచ్చటివారు చెప్పుదురు. నంద్యాల చుట్టును నవనందులు గలవు. యాగంటి బసవన్న యేటేట పెరుగుచున్నాడనియు, కలియుగాంతమున లేచి రంకె వేయుననియు జనుల నమ్మకము; దానిని వీరబ్రహ్మేంద్రస్వామి కాలజ్ఞానముతో ముడిపెట్టుదురు.

పేర్ల కలయికకు తిరుగులేని సాక్ష్యము మన సాహిత్యముననే కలదు. 12వ శతాబ్దిలో కల్యాణపురమున బిజ్జలుని కొలువున మంత్రియై, కులభేదములను కాదని భక్తియే ప్రమాణమని చాటిన బసవేశ్వరుని చరిత్రను పాల్కురికి సోమనాథుడు ద్విపదలో బసవపురాణముగా రచించెను. అందు బసవేశ్వరుడు నందికేశ్వరుని అవతారము. ‘బసవ’ యన్నది ‘వృషభ’ శబ్దమునకు తద్భవము. పేరు ఎద్దుది, అవతరించినవాడు గణనాయకుడు. కాళిదాసుడు విడివిడిగా చూచిన ఇరువురు సోమనాథుని నాటికి ఒక్కరే యైరి. మన పల్లెలలో ఎద్దును ‘బసవన్నా’ యని పిలుచునపుడు ఈ చరిత్ర యంతయు ఆ పిలుపులో ఇమిడియున్నది.

శిల్పులు ఈ భావమునకు రూపమిచ్చిరి. 1163లో కాకతి రుద్రదేవుడు కట్టించిన హనుమకొండ వేయిస్తంభముల గుడిలో నల్లరాతి నంది అద్దమువలె నునుపుదేరి యుండును. 1213లో రేచర్ల రుద్రుడు పాలంపేటలో నిర్మించిన రామప్పగుడికి 2021లో ప్రపంచవారసత్వపు గుర్తింపు లభించినది. అచ్చటి నందిమండపము శిథిలమైనను నంది నిలిచినది. మెడలో గంటలు, పట్టెడలు, మువ్వలు. చెవి నిక్కించి, తల యించుక త్రిప్పి, స్వామి పిలిచిన తక్షణమే లేచునట్లున్న భంగిమ. విజయనగర ప్రభువగు అచ్యుతదేవరాయల కాలమున విరూపణ్ణ కట్టించిన లేపాక్షి వీరభద్రాలయమునకు కొంతదూరమున ఏకశిలానంది కలదు. దాని పొడవు సుమారు 27 అడుగులు, ఎత్తు సుమారు 15 అడుగులు. అంతటి కొండవంటి రాతిలోను ఎద్దు కనుచూపులోని సౌమ్యము చెడలేదు. శాస్త్రము చదివినంతమాత్రమున ఇట్టి చూపు చెక్కుట కుదరదు. చిన్ననాటినుండి ఎద్దులతో మసలినవానికే అది తెలియును.

ఇచ్చటనే మన మూడవవాడు వచ్చుచున్నాడు. అతడు పురాణములలోని వాడు కాడు, దొడ్డిలోని వాడు. ఏరువాకనాడు కొమ్ములకు రంగులు పూయించుకొని తొలిచాలు దున్నువాడు, కనుమనాడు పూజ లందుకొనువాడు. గంగిరెద్దులవారు చెప్పు కథ ప్రకారము గజాసురుని ఉదరమున చిక్కిన శివుని విడిపించుటకు విష్ణువు నందినే గంగిరెద్దుగా అలంకరించి ఆడించెనట. సంక్రాంతినాడు సన్నాయి పాటకు తలయూపుచు మన వాకిట నిలుచు బక్కయెద్దు కూడ నందియే యని ఆ కథ మనకు బోధించుచున్నది. వేములవాడ రాజరాజేశ్వరస్వామి సన్నిధిని భక్తులు ప్రాణముగల కోడెనే పట్టుకొని గుడి చుట్టును ప్రదక్షిణము చేయుదురు. ఆ కోడెమొక్కులో రాతినందికిని ప్రాణమున్న నందికిని భేదమే లేదు.

మరియొక ఆచారమును మనము మరువరాదు. పితరుల పేర కోడెను విడుచు వృషోత్సర్గమును స్మృతులు విధించినవి. విష్ణుస్మృతి ప్రకారము ఆ కోడె పాడిగల తల్లికి, దూడలు బ్రదుకు తల్లికి పుట్టినదై, సర్వలక్షణములు గలదై యుండవలెను. దానికి ఒకప్రక్క చక్రమును, మరియొకప్రక్క త్రిశూలమును ముద్రవేసి విడువవలెను. ‘అచ్చుపోసిన ఆబోతు’ అను మాట దీనినుండియే పుట్టినది. నేడది తిట్టు, నాడది గౌరవము. ఊరి చేలలో మేసినను దాని నెవరును కొట్టరాదు. ఊరి ఆవుల సంతతి దానివలననే మేలైనది కావలెను. ఒంగోలు జాతి పశువుల ఖ్యాతికి ఇట్లు ఏరి విడిచిన ఆబోతులు గొప్ప కారణము. 19వ శతాబ్దినుండి 1960ల వరకు ఈ జాతి పశువులు ఓడలలో బ్రెజిలు దేశమునకు చేరినవి. మన నెల్లూరు పేరుతోనే వాటిని అచ్చటివారు ‘నెలోర్’ అందురు. ఆ దేశమున మాంసమునకై పెంచు మందలలో అధికభాగము వాటి సంతతియే. పుట్టినచోట దైవము, పోయినచోట వ్యాపారము!

పుట్టినచోటి స్థితియు మారినది. ట్రాక్టరు వచ్చినది, కృత్రిమగర్భధారణ వచ్చినది. నాగలికిని, మందకును కూడ ఎద్దు అవసరము తగ్గినది. 2012లో మన దేశమున గోజాతి మగపశువులు సుమారు 6.79 కోట్లు. 2019 పశుగణన నాటికి సుమారు 4.74 కోట్లు. ఏడేండ్లలో నూటికి ముప్పదివంతులు తగ్గినవి. దీనికి రైతును నిందించుట న్యాయము కాదు. పనిలేని జతను మేపుట ఎంతటి భారమో మేపువానికే తెలియును. కాని లెక్క మాత్రము మన యెదుట నున్నది.

భాగవతమున పరీక్షిన్మహారాజు ఒంటికాలిమీద నిలిచిన ఎద్దును చూచెను. తపము, శౌచము, దయ, సత్యము అను నాలుగు పాదములలో మూడు పోగా, మిగిలిన సత్యముపై నిలిచిన ధర్మదేవత యది. రాజవేషమున నున్న కలి దానిని కొట్టుచుండగా పరీక్షిత్తు కత్తి దూసి అడ్డుపడెను. మనవారు ధర్మమునకు రూపము కల్పింపబూనినపుడు సింహమును కోరలేదు, ఏనుగును కోరలేదు. తాను పండించినదానిలో గడ్డి మాత్రమే తిని గింజను మనకు విడుచు జంతువును కోరిరి.

నంది మూడు త్రోవలలో వచ్చెనని చెప్పితిమి. మొదటి రెండును గ్రంథములలోను, శిలలలోను భద్రముగా నున్నవి. మూడవది దొడ్డిలో నున్నంతవరకే యుండును. రామప్ప నంది చెవి యెందుకు నిక్కినదో, లేపాక్షి బసవన్న మూపురము ఎంత నిజమైనదో ఎద్దును చూచినవానికే అర్థమగును. కావున ఈ కనుమకు మనము గుడిలో కొమ్ములనడుమ స్వామిని దర్శించిన పిదప, పిల్లలను వెంటబెట్టుకొని, ఊరిలో ఇంకను ఎద్దులజత నిలుపుకొన్న రైతు ఇంటికి వెళ్లి, ఆ మూపురముపై వారిచేత ఒక్కసారి చేయి వేయింతము.