కన్ను చూసి కోయాలె

పాత పాటలకెళ్లి ఒక ముక్క కోసి కొత్త పాట కట్టుడనేది ఈ ల్యాప్‌టాప్‌లు వచ్చినంకనే షురువైందని మీరందరు అనుకుంటున్నరు. కాదు. జర మంట దిక్కు జరుగుండ్రి, చలి ముదురుతున్నది, చెప్త ఇనుండ్రి. నేను బోధన్‌ల మైకు సెట్టు నడిపినోణ్ని. షక్కర్‌నగర్ క్వార్టర్లల్ల పెండ్లయినా, గణపతిని నిలబెట్టినా, దర్గ కాడ ఉర్సు జరిగినా ఆహూజా ఆంప్లిఫయరు, రెండు గొట్టాలు, రికార్డుల పెట్టె పట్టుకొని పోయేది నేనే. సాంప్లింగు సాంప్లింగు అని నువ్వంటున్నవు గదరా చిన్నోడా, ఆ పని మాకు పేరు తెల్వకుంటనే చేతికొచ్చింది.

ముందుగాల ఆ పెట్టె సంగతి చెప్పాలె. మంజీర మీద నిజాంసాగర్ కట్ట 1931ల పూర్తయింది. కాలువల నీళ్లు పారినయి, చెరకు పెరిగింది, 1937ల నిజాం షుగర్ ఫ్యాక్టరీ పుట్టింది. ఆసియాలనే పెద్ద షక్కర్ ఫ్యాక్టరీ అని పేరు వడ్డది. నీళ్లను చూసి కోస్తా రైతులొచ్చి వర్ని, కోటగిరి దిక్కు క్యాంపులు కట్టుకున్నరు. నౌకరీలకు హైదరాబాద్ కెళ్లి ఉర్దూ మాట్లాడేటోళ్లు వచ్చిండ్రు. అవుతల మరాఠ్వాడ ఎంత దూరం, పొద్దుగాల పోయి పొద్దుమీకి రావచ్చు. ఇగ చూడుండ్రి, ఒకనాడు క్యాంపుల పెండ్లి, ఘంటసాల కావాలె. తెల్లారి క్వార్టర్లల్ల నిఖా, రఫీ కావాలె, కవ్వాలి కావాలె. ధర్మాబాద్ దిక్కు చుట్టాలుంటే లావణి లేకపోతే మొఖాలు మాడ్చుకుంటరు. అందరి కోసం కొనంగ కొనంగ పెట్టెల అన్నిజాతుల పాటలు జమయినయి, నా చెవి గూడ గట్లనే తయారైంది. ఒక్కతీరు పాటలే ఇనేటోనికి ఒక్కతీరు ముక్కలే దొరుకుతయి. నువ్వు కొన్న సాంపిల్ ప్యాకుల ముక్కలు అందరి పాటలల్ల ఒకతీరుగ వినవడేది అందుకే. అందరు ఒక్క పెట్టెల్నే చేతులు పెడుతున్నరు.

బరాత్‌ల పోరగాండ్లకు పాట మొత్తం అక్కర లేదు. పల్లవి అయినంక, చరణం అందుకునే ముందు డోలక్కో బ్యాంగోసో వట్టిగ మోగుతయి సూడు, ఆ పావు నిమిషానికే కాళ్లు లేస్తుండె. గాయకుడు గొంతెత్తంగనే ఆట సల్లవడేది. "కాకా, మల్ల గదే ఎయ్యి" అని ఒకటే లొల్లి. సూది ఎత్తి వెనకకు పెట్టాలె. పెట్రోమాక్స్ వెలుగుల ఏ గీతల పెట్టాల్నో ఎట్ల ఎర్కయితది? రికార్డు నడుమ కాయితం బిళ్ల ఉంటది గద, దాని మీద సుద్దతోని గీత గీసుకునేటోణ్ని. ఆ గీత నా దిక్కు తిరిగొచ్చిన క్షణంల సూది వదిలితే సరిగ్గ డోలక్ మీద పడేది. జర ముందుగాల పడితే గాయకుని గొంతు తోక వినవడుతది. జర ఆలస్యమైతే మొదటి దెబ్బ పోతది. మొదటి దెబ్బ పోతే ఆడేటోని అడుగు తప్పుతది, వాడు తలెత్తి నన్నే చూస్తడు. ఇప్పటికీ ఏ సాంపిల్ ఇన్నా నేను ముందుగాల పట్టి చూసేది గదే. మొదటి దెబ్బ నిండుగ ఉన్నదా, చివర గొంతేమన్న తెగి వేలాడుతున్నదా?

ఇదే పని అమెరికాల ఒకాయన చేసిండని నా మనుమడు చెప్తే తెలిసింది. న్యూయార్క్‌ల బ్రాంక్స్ అనే పేదల బస్తీ, సెడ్జ్‌విక్ అవెన్యూ, 1520 నంబరు బిల్డింగు. 1973 ఆగస్టు 11 నాడు సిండీ అనే పిల్ల బడి షురువయ్యే ముందు కొత్త బట్టలకు పైసలు జమ చేద్దామని టికెటు పెట్టి దావత్ చేసింది. పాటలేసింది వాళ్లన్న, జమైకా కెళ్లి వచ్చిన క్లైవ్ క్యాంప్‌బెల్. డీజే కూల్ హెర్క్ అంటరు. హిప్‌హాప్ అక్కడనే పుట్టిందని చెప్పుకుంటరు. ఆయన జనాన్ని చూసి, వాళ్లు డ్రమ్ముల తావున్నే ఆడుతున్నరని పసిగట్టిండు. ఒకే రికార్డువి రెండు తెచ్చి రెండు మిషన్ల మీద పెట్టి, ఇక్కడ డ్రమ్ముల ముక్క అయిపోంగనే అక్కడ అదే ముక్క ఎత్తుకునేటోడు. ఆయన వెనక వచ్చిన గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ రికార్డుల మీద క్రేయాన్‌తోని గీతలు గీసుకునేటోడట. ఆ ముచ్చట ఇన్ననాడు నాకు నిద్ర పట్టలే. బోధన్‌ల సుద్ద గీత, బ్రాంక్స్‌ల క్రేయాన్ గీత. ఇద్దరికీ చదువు చెప్పింది ఆడేటోళ్ల కాళ్లే.

తర్వాత మిషన్లు వచ్చినయి. 1988ల అకాయ్ కంపెనోళ్లు ఎంపీసీ అని తెచ్చిండ్రు. ముక్కను దాంట్ల నింపి, బటన్ల మీద వేళ్లతోని కొట్టి మోగిచ్చుడు. సుద్ద గీత పని అలకగయింది. పని అలకగైతే చెడగొట్టుడు గూడ అలకగైతది, అసలు ముచ్చట ఇక్కడున్నది.

చెరకు నాటేది మీరందరు చూసినోళ్లే. గడను గడ లెక్క పాతరు, ముచ్చెలు కోస్తరు. ముచ్చెకు రెండో మూడో కండ్లుండాలె. కత్తి కణుపుకు కణుపుకు నడుమ పడాలె, కన్ను మీద పడ్డదా ఆ ముక్క కుళ్లుడే. కన్నున్న ముచ్చె కొత్త మడిల మొలిచి తన గడ తాను పెంచుకుంటది, జాతి మాత్రం పాతదే. సాంపిల్ గూడ గంతే. పాత పాటల మొలిచే తావు ఏదో ఇని పట్టాలె. అది పల్లవి కాకపోవచ్చు. మీరు పల్లవినే కోసుకొస్తరు, ఎందుకంటే అందరికీ ఎర్కున్నది అదే. వినంగనే జనం "అరే, గా పాట" అని గుర్తువడతరు, ఒకసారి సీటీ కొడతరు. రెండోసారి ఎవడింటడు?

కన్ను చూసి కోసుడంటే ఏందో ఒక నమూన చెప్త. 1978ల బాలచందర్ తెలుగుల మరో చరిత్ర తీసిండు. 1981ల దాన్నే హిందీల ఏక్ దూజే కే లియే అని తీసిండు. పాటలకు బాణీలు లక్ష్మీకాంత్ ప్యారేలాల్‌వి, పాడింది లతా మంగేష్కర్, మన బాలసుబ్రహ్మణ్యం. దాంట్ల తేరే మేరే బీచ్ మే అనే పాటకు ఆయనకు జాతీయ అవార్డు గూడ వచ్చింది. మా రికార్డు అరిగిపోయేదాక ఏసిన దాన్ని. ఆ పాటల వయొలిన్లుంటయి. స్వీడన్ దేశపోళ్లు ఇద్దరు, బ్లడ్‌షై అండ్ అవాంట్ అనేటోళ్లు, ఆ వయొలిన్లల్ల చిన్న తునకలు కోసి బ్రిట్నీ స్పియర్స్ పాడిన టాక్సిక్ పాటల పెట్టిండ్రు. 2004ల దునియ అంత మోగింది. అది ర్యాప్ పాట కాదు, నాకెర్కే. కోసిన తీరు చూడుండ్రి. లత గొంతు ముట్టలే, బాలు గొంతు ముట్టలే, పల్లవి జోలికే పోలే. పాత పాటల ఆ వయొలిన్లు ప్రేమల తడిసి ఉంటయి. ఈ పాటల అవే వయొలిన్లు ఇంటే గుండె అదురుతది. ఏండ్ల తరబడి ఆ రికార్డు తిప్పిన నాకే, మనుమడు పక్కపక్కన పెట్టి వినిపిచ్చేదాక ఎర్క కాలే. గట్ల ఉండాలె కోత.

ఇంకోటి ఇనుండ్రి, ఇది తిరకాసు ముచ్చట. 1981లనే జ్యోతి అని హిందీ సినిమా, బప్పీ లాహిరి బాణీ, లతా మంగేష్కర్ పాట. 2002ల అమెరికాల ట్రూత్ హర్ట్స్ అనే గాయని అడిక్టివ్ అని పాడితే, దాంట్ల అడుగు నుంచి పై దాక ఆ లత పాటనే పారుతుంటది. డీజే క్విక్ చేసిండు. చెవికి బాగుంటదా అంటే, బాగుంటది. అబద్ధమెందుకు చెప్పాలె, నేను తల ఊపిన. డ్రమ్ము ఏ తావుల పడాల్నో ఆ తావుల్నే పడ్డది. గాని అడగలే. పేరు పెట్టలే. కోర్టుకెక్కిండ్రు, బప్పీ లాహిరి పేరు పెట్టకుంట అమ్మొద్దని 2003ల అమెరికా కోర్టు చెప్పింది. నన్నడిగితే అది చెవికి మంచి సాంపిల్, నడతకు చెడ్డ సాంపిల్. రెండిట్ల ఒకటి తక్కువైనా పని అయిందని నేను ఒప్పుకోను.

ఇగ మన గణపతి నిమజ్జనాలకు మోగే డీజే పాటలకొద్దాం. నిజామాబాద్ల ఆ బండ్లు పోతుంటే కిటికీలు ఊగుతయి. పల్లె పాటను తీసుకుంటరు, ఉరికిస్తరు, గొంతు సన్నగయి కీసుమంటది. కింద ఒక మందపు దెబ్బ ఏస్తరు, మొదటి కెళ్లి చివరిదాక ఒకటే దెబ్బ. నా కోపం మోతకు కాదు, మోత నేను గూడ పెట్టినోణ్నే. ఆ పాటల డప్పు ఉండె గద, దాన్ని ముంచేసి దాని మీద ఇది ఎందుకు? పాట నడకంత డప్పుల్నే ఉన్నది.

డప్పు గురించి మీకు ఎర్క లేంది ఒకటి చెప్త. డప్పు వాయించే ముందు ఏం చేస్తరు? గడ్డి మంట ఏసి కాక పెడతరు. తోలు బిగుస్తది. వేలితోని తట్టి చూసి, చాలదంటే మల్ల మంట మీద తిప్పుతరు. అప్పుడు కుడిచేతిల సిర్ర, ఎడమచేతిల చిటికెన పుల్ల పట్టి కొడితే కణకణ మోగుతది. వాయించంగ వాయించంగ తోలు చల్లారుతది, మోత కిందికి దిగుతది. అందుకే నడుమనడుమ మంట కాడికి పోతరు. ఇప్పుడు నువ్వు ఫోన్ల రికార్డు చేసుకొచ్చిన జాతర డప్పుల మొదట్ల ఒక ముక్క, చివర్ల ఒక ముక్క కోసి అతికిచ్చినవు. నీకు కలుస్తలేదు, ఎందుకో సమజయితలేదు. మొదటిది వేడి డప్పు, రెండోది చల్లారిన డప్పు. మిషన్‌ల శ్రుతి పెంచితే కలుస్తదనుకున్నవు, శ్రుతి కలిసింది గాని సిర్ర దెబ్బ పలసబడ్డది. ఒక్క కాక మీద వాయించిన ముక్కలనే కోసుకో. లేదంటే ఆ తేడాను దాచకు, పాట సగం అయినంక చల్లారిన డప్పును రానియ్యి, పాటనే కిందికి దిగుతది.

ఇంకోటి. డప్పాయన గడియారం చూసి వాయించడు. ఆడేటోళ్లు ఊపు మీదుంటే జర ఉరుకుతడు, అలిసిపోతే జర ఆగుతడు. మిషన్‌ల పెట్టంగనే నువ్వు దెబ్బలన్నిటిని గీతల మీదికి జరిపినవు. దాన్ని క్వాంటైజ్ అంటరని చెప్పినవు. జరిపినంక డప్పు ఉన్నది, డప్పాయన లేడు. డెట్రాయిట్‌ల జే డిల్లా అనేటాయన ఆ సరిజేసే బటన్ బంద్ పెట్టి వేళ్లతోనే వాయించేటోడట. దెబ్బ ఒక వెంట్రుకవాసి వెనక పడుతది, ఇనేటోని మెడ దానంతటదే ఊగుతది. ఆయన వాడిన ఎంపీసీని వాషింగ్టన్ మ్యూజియంల పెట్టిండ్రు. 2006 ఫిబ్రవరిల డోనట్స్ అనే రికార్డు వచ్చిన మూడు దినాలకు సచ్చిపోయిండు, 32 ఏండ్లకే. నువ్వు అది మొత్తం ఇను. దాంట్ల ఒక్కొక్క పాట ఎంతసేపుందో చూడు, చెప్పేది అయిపోంగనే ఆపుతడు.

నా దగ్గర ఒక క్యాసెట్టు ఉన్నది, మీకు తెలుసు. క్వార్టర్లల్ల ఒక పెండ్లి రికార్డు చేస్తుంటే నడుమ ఫ్యాక్టరీ సైరన్ పడ్డది. ఆడోళ్ల పాట మీదికెళ్లి సైరన్ లేచి, నిలబడి, దిగుతది. ఫ్యాక్టరీ 2015 డిసెంబరుల మూతవడ్డది. మనుమడు ఆ సైరన్‌ను కోసి పాట పొడుగుతా తిప్పి తిప్పి పెట్టుకొచ్చిండు. నేనన్న, ఇది జనాన్ని ఏడిపిచ్చేతందుకు పెట్టినవు, తీసెయ్యి. నౌకరీలు పోయి ఇండ్లు గడవనోళ్లు ఈ ఊళ్లెనే ఉన్నరు, వాళ్ల సైరన్‌ను అగ్గువకు వాడకు. పది దినాలు నాతోని మాట్లాడలే. మల్ల వచ్చిండు. ఈసారి సైరన్ లేచే తావు ఒక్కటే తీసుకొని, బాగ కిందికి దించి, ఆడోళ్ల పాట కింద పెట్టిండు. సైరన్ అని ఎవ్వరికీ ఎర్క కాదు. షిఫ్టులల్ల పనిచేసినోళ్లకు మాత్రం ఇనంగనే ఒళ్లు జలదరిస్తది. అది ఇని నేను వాని భుజం తట్టిన.

ఇగ పైసల ముచ్చట, పేరు ముచ్చట. బాణీ తీసుకునుడు మన దిక్కు కొత్త కాదు. సాయుధ పోరాటంల బతుకమ్మ బాణీలకు, ఉయ్యాల బాణీలకు కొత్త మాటలు కట్టి పాడిండ్రు. బాణీ ఊరిది, ఎవ్వరూ అడగలే, అడగొద్దు గూడ. సాంపిల్ అట్ల కాదు. సాంపిల్‌ల ఉన్నది ఒక మనిషి చెయ్యి, ఒక మనిషి ఊపిరి, ఒకనాటి రాత్రి. 1969ల ది విన్‌స్టన్స్ అనే అమెరికా బృందం ఆమెన్ బ్రదర్ అని ఒక పాట చేసింది. దాంట్ల గ్రెగరీ కోల్‌మన్ అనేటాయన ఒక్కడే డ్రమ్ములు వాయించే ముక్క ఉన్నది, ఆరేడు సెకండ్లు. ఆ ఆరేడు సెకండ్లు వేల పాటలల్ల పెట్టిండ్రు. దాని మీద కంపెనీలు బతికినయి. కోల్‌మన్‌కు దాని మీద పైస రాలే, 2006ల ఇల్లు లేకుంట సచ్చిపోయిండు. ఈ ముచ్చట చెప్పినప్పుడల్ల నాకు మన డప్పాయనలే యాదికొస్తరు. బరాత్ ముందు నడిచేది వాళ్లు, వీడియోల వాళ్ల పేరు ఉండదు, క్యాసెట్టు మీద ఉండదు, యూట్యూబ్‌ల గూడ ఉండదు.

కాయిదా ఏం చెప్తదో గూడ ఇనుండ్రి. మన దేశంల రికార్డు మీద హక్కు అది బయటికొచ్చినంక 60 ఏండ్లు. మాటలు రాసినోళ్ల హక్కు, బాణీ కట్టినోళ్ల హక్కు వాళ్లు పోయినంక ఇంకో 60 ఏండ్లు. అంటే రికార్డు పాతగైనా బాణీ హక్కు బతికే ఉండొచ్చు. పాత రికార్డే గద అని ముట్టేముందు రెండు లెక్కలు చూసుకో. డప్పాయనకు ఈ కాయిదాలు ఎవ్వరూ చెప్పలే, ఆయన తరఫున అడిగేటోడు లేడు. అందుకే నువ్వే పోవాలె.

రేపు పొద్దుగాల పోదాం, నీ పాటల డప్పు వాయించినాయన ఇంటికి. పాట ఆయనకు వినిపియ్యి, పూర్తిగ, చెవుల పెట్టుకునేటివి గాకుంట పెద్ద స్పీకర్‌ల, ఇంటోళ్లందరు ఇనేటట్టు. ఆయన దెబ్బ ఏడున్నదో చూపియ్యి. ఇంత అని పైసలు మాట్లాడి చేతిల పెట్టు, పాట మీద ఆయన పేరు నీ పేరు పక్కన, అదే సైజుల రాయి. వద్దంటే ఆ ముక్క తీసెయ్యి, ఇంకోటి వెతుకుదాం.