కురుసుర: ఒడ్డు చేరిన జలాంతర్గామి

యుద్ధనౌకకు వార్ధక్యము వచ్చినప్పుడు దాని గతి సాధారణముగా ఒక్కటే. ఇనుమును తూకమునకు కొనువారు వచ్చి, కోసి, కరగించుటకు తీసికొని పోవుదురు. దేశము గర్వించిన నౌకలకును ఈ గతి తప్పలేదు. 1961లో మన నౌకాదళమున చేరి 1997లో విశ్రాంతి పొందిన విమానవాహక నౌక విక్రాంత్, కొంతకాలము ముంబయిలో ప్రదర్శనశాలగా నిలిచినది. పోషణ భారమైనందున 2014లో దానిని ముక్కలు చేసినారు. దానితో పోల్చిన చాల చిన్నదైన కురుసుర మాత్రము విశాఖపట్టణమున, రామకృష్ణా బీచి ఇసుకపై, నిలిచియున్నది.

కురుసుర సోవియట్ నిర్మాణము. 1969 డిసెంబరు 18వ తేదీన, ఆనాడు సోవియట్ యూనియనులో ఉన్న రీగా రేవున మన పతాకమును ధరించినది. పొడవు 91 మీటర్లు. వెడల్పు ఏడున్నర మీటర్లు. 31 సంవత్సరముల సేవలో 73,500 నాటికల్ మైళ్లు తిరిగి, 2001 ఫిబ్రవరి 27వ తేదీన విశ్రాంతి పొందినది. పిదప దానిని తీరమునకు తెచ్చి, నీటినుండి ఇసుకపైకి లాగి, సిమెంటు దిమ్మెలపై నిలిపినారు. 2002 ఆగస్టు నుండి ప్రజలు లోనికి వెళ్లి చూచుచున్నారు.

లోనికి అడుగిడినంతనే మొదట తెలియునది ఇరుకు. ఏడు గదులు వరుసగా ఉన్నవి. గదికిని గదికిని నడుమ గుండ్రని ద్వారము. తల వంచి, కాలెత్తి, దూరవలెను. ముందు భాగమున ఆరు, వెనుక నాలుగు టార్పెడో గొట్టములు. మొత్తము 22 టార్పెడోలకు చోటున్నది. వానితోపాటు ఎనిమిదిమంది అధికారులు, అరువది ఏడుగురు నావికులు ఇందులోనే కాపురముండెడివారు. గొట్టముల మధ్య, తీగెల క్రింద, ఒకరిపై ఒకరికి పడకలు. మంచినీరు కొలత ప్రకారమే. ఇచ్చట దారి చూపువారిలో నౌకాదళమున పనిచేసి విశ్రాంతి పొందినవారున్నారు. మీటలు, చక్రములు వేని పనికి వాడినారో వారు చెప్పుచుండగా, ఈ యంత్రసమూహము మరల ఒక ఇల్లువలె తోచును.

నీటిక్రింద ఈ నౌక నడుచు తీరు గ్రహింపదగినది. డీజిలు ఇంజనులకు గాలి కావలెను. మునిగిన నౌకకు గాలి లేదు. కావున లోతున ఉన్నంతసేపు బ్యాటరీలలోని విద్యుత్తుతోనే మోటార్లు తిరుగును. అది తరిగిపోయినచో, శత్రువు పొంచియున్నను సరే, పైకి వచ్చి గాలి పీల్చుకొనక తప్పదు. వేటాడునదే వేటకు చిక్కు ఘడియ అది.

లోతున ఉన్నప్పుడు జలాంతర్గామికి కన్ను లేదు. పెరిస్కోపు నీటిపైకి తేలినగాని పనికి రాదు. దానికి ఉన్నది చెవి ఒక్కటే. సోనార్ గదిలో కూర్చున్నవాడు దూరపు చక్రముల చప్పుడు వినియే నౌక జాడను, దిక్కును గుర్తింపవలెను. లోపల చేజారిన పనిముట్టు చప్పుడు బయటివారికిని వినబడవచ్చును. శబ్దమునే నమ్ముకొని బ్రతుకు రేడియోవారము మేము. నిశ్శబ్దమునకు ఇంత విలువ ఉన్న చోటును మేమింకెక్కడను చూడలేదు.

1971లో యుద్ధమునకు ముందే కురుసుర అరేబియా సముద్రమున గస్తీకి వెళ్లినది. శత్రునౌక అని నిశ్చయముగా తెలిసినగాని దాడి చేయరాదని ఆజ్ఞ. ఆ గస్తీలో ఒక్క నౌకను కూడ ముంచకయే అది తిరిగి వచ్చినది. ఇతర జలాంతర్గాముల కథ అట్లు ముగియలేదు. విక్రాంత్‌ను ముంచుటకై పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ ఈ విశాఖ సముద్రమునకే వచ్చినది. విక్రాంత్ అప్పుడు అండమాను ప్రాంతమున ఉన్నది. డిసెంబరు 3-4 తేదీల నడిరేయి ఘాజీ రేవు సమీపమున ప్రేలి మునిగినది. మన నౌక రాజపుత్ వేసిన డెప్త్ చార్జీలే కారణమని మనవారు, లోపలి ప్రేలుడో సొంత మైనుయో కారణమని వారు చెప్పుదురు. అందులోని తొంబది మందికి పైగా నావికులలో ఒక్కరును మిగులలేదు. తరువాత మత్స్యకారులకు దొరికిన తేలు వస్తువులే ఆ సంగతిని తీరమునకు తెచ్చినవి.

అయిదు దినములకు, డిసెంబరు 9వ తేదీ రాత్రి, పశ్చిమ సముద్రమున మన ఖుక్రీ నౌకను హంగోర్ అను పాకిస్తాను జలాంతర్గామి ముంచినది. పదునెనిమిది మంది అధికారులు, 176 మంది నావికులు మరణించిరి. నౌకాధిపతి మహేంద్రనాథ్ ముల్లా నౌకతోనే మునిగినారు. ఆ హంగోర్ నేడు కరాచీలో, మన కురుసుర వలెనే, ప్రదర్శనశాల.

కావున రెండు రేవులలోను బడిపిల్లలు గుండ్రని ద్వారములు దూరి, మీటలు తడిమి, ఆశ్చర్యపడుచున్నారు. కురుసుర సమీపముననే, సాగరతీరపు రహదారిపై, 1971 నాటి విజయమునకు స్మారకస్తంభమున్నది. ఘాజీ నావికులకు ఇచ్చట స్తంభము లేదు. ఎదుటి సముద్రమే వారికి సమాధి. ఇచ్చటికి పిల్లలను తీసికొని వచ్చు తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటి. టార్పెడోల సంఖ్య చెప్పుడు. నౌక వేగము చెప్పుడు. ఆపైన ఆ ఇరుకు పడకను చూపి, దీనిపై ఒక మనిషి నిద్రించెడివాడనియు, వానికొరకు ఒక ఇల్లు ఎదురుచూచెడిదనియు చెప్పుడు. ఉభయపక్షముల నావికులకును ఆ మాట వర్తించును. ఇనుమును కరగింపక నిలుపుకొన్నందుకు ఫలము అదియే.