అమెరికన్ వాటర్ వర్క్స్ అసోసియేషన్

పట్టణ ప్రజలకు త్రాగునీటిని సమకూర్చి, శుద్ధిచేసి, ఇంటింటికి అందజేయు వృత్తియందున్న ఇంజనీర్లును, రసాయన శాస్త్రజ్ఞులును, పంపుశాలల నిర్వాహకులును, పురపాలక జలాధికారులును పరస్పర సహాయార్థము నెలకొల్పుకొన్న సంఘములలో మిక్కిలి ప్రాచీనమైనవానిలో నొకటియు, సభ్యసంఖ్యచేత మిక్కిలి పెద్దదియు అమెరికన్ వాటర్ వర్క్స్ అసోసియేషన్. 1881లో మిస్సోరీ రాష్ట్రమునందలి సెయింట్ లూయిస్ నగరమున జన్మించిన ఈ సంఘమునకు నేడు కొలరాడో రాష్ట్రములోని డెన్వరు నగరము ప్రధానస్థానము. సభ్యులు సుమారు 50,000 మంది. దీనికి శాసనాధికారము లేదు. దీని నిర్ణయములను పాటింపని పట్టణమును దండించు శక్తియు లేదు. అయినను దీని సమావేశములలో చర్చింపబడి, దీని గ్రంథములలో అచ్చుపడిన పద్ధతులే కాలక్రమమున ఒక ఖండమంతటను నీటి సరఫరాకు మార్గదర్శకములై, ఇతర దేశములకును వ్యాపించినవి.

పూర్వరంగము: పందొమ్మిదవ శతాబ్ది ప్రథమార్ధమున అమెరికా నగరములను వేధించిన సమస్యలలో ముఖ్యమైనది తగినంత నీటిని సమకూర్చుకొనుట. ఫిలడెల్ఫియా నగరము 1801లో బెంజమిన్ లాట్రోబ్ పథకము ననుసరించి ఆవిరియంత్రములతో స్కూల్‌కిల్ నదీజలమును ఎత్తిపోయించెను. న్యూయార్కు 1842లో క్రోటన్ నదినుండి సుమారు 40 మైళ్ల పొడవున కట్టుకాలువను నిర్మించుకొనెను. బోస్టన్ 1848లో కొచిట్యువేట్ సరస్సు నీటిని తెచ్చుకొనెను. అంతర్యుద్ధానంతరము నగరములు త్వరితముగా పెరుగగా, ఎగువ పట్టణము తన మురుగును ఏ నదిలో విడిచెనో దిగువ పట్టణము త్రాగునీటికై ఆ నదిలోనే గొట్టము వేయవలసిన దుస్థితి యేర్పడెను.

ఇట్టి దశలో ప్రతి నగరమును ఒంటరిగానే ప్రయోగములు చేసి, ఒంటరిగానే నష్టపడుచుండెను. ఇందుకు సెయింట్ లూయిస్ చరిత్రయే తార్కాణము. బురదతో నిండిన మిసిసిపి నీటిని తేర్చు ఉపాయము నెరిగి రమ్మని ఆ నగరాధికారులు జేమ్స్ కిర్క్‌వుడ్ అను ఇంజనీరును ఐరోపాకు పంపిరి. ఆయన అచ్చటి ఇసుక వడపోతలను శ్రద్ధతో పరిశీలించి వ్రాసిన నివేదిక 1869లో ప్రకటితమాయెను. నగరము మాత్రము ఆ వడపోతలను నిర్మింపలేదు. ఆ నివేదిక ఫలము హడ్సన్ నదీతీరమందలి పొకీప్సీ అను చిన్న పట్టణమునకు దక్కెను. 1872లో కిర్క్‌వుడ్ రూపకల్పనతో అచ్చట వెలసిన మందగతి ఇసుక వడపోతయే ఆ దేశమున సఫలమైన మొదటిది. ఒక నగరము వెచ్చించి సంపాదించిన జ్ఞానము మరియొక నగరమునకు చేరుట అప్పటికి దైవికముగా జరుగు విషయమై యుండెను. దానిని నియతమైన ఏర్పాటుగా మార్చుటకే సంఘము పుట్టెను.

స్థాపన: 1881 మార్చి 29వ తేదీన సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున ఇలినాయ్, ఇండియానా, అయోవా, కాన్సాస్, కెంటకీ, టెనెసీ రాష్ట్రములకు చెందిన 22 మంది జలసరఫరా నిర్వాహకులు సమావేశమై ఈ సంఘమును స్థాపించిరి. నీటి కర్మాగారముల నిర్వహణమునకు సంబంధించిన విషయములను ఒండొరులకు తెలుపుకొనుట, వినియోగదారులకును సరఫరా సంస్థలకును ఉభయతారకమగు అభివృద్ధిని సాధించుట, పనిలో పొదుపును ఏకరూపతను నెలకొల్పుట వారు వ్రాసికొన్న ఆశయములు. వారిలో పలువురు బొగ్గు ఖర్చు, పంపుల మరమ్మతు, గొట్టముల పగుళ్లు, పన్నుల వసూలు మొదలగు నిత్యకృత్యములతో సతమతమగు కార్యకర్తలు. పనిచేయువాడు పనిచేయువానితో మాటాడు ఆ సంప్రదాయము నేటికిని నశింపలేదు. వార్షిక మహాసభలలో శాస్త్రపత్రముల పఠనముతోపాటు, నీటి ఒత్తిడితోనున్న గొట్టమునకు రంధ్రము తొలిచి కుళాయి బిగించు పందెమును, విడదీసిన మీటరును తిరిగి కూర్చు పందెమును జరుపుట ఆచారమై యున్నది.

వడపోతయు రోగనివారణయు: సంఘము ఏర్పడిన దశాబ్దమున సూక్ష్మజీవి సిద్ధాంతము స్థిరపడుటతో నీటి వృత్తి స్వరూపమే మారిపోయెను. కంటికి తేటగా గన్పట్టు నీటిలోను టైఫాయిడు, కలరా క్రిములుండవచ్చునని తేలెను. 1900 ప్రాంతమున అమెరికాలో ప్రతి లక్షమందిలో ముప్పదిమందికి పైగా ఏటేట టైఫాయిడుచేత మరణించుచుండిరి. మసాచుసెట్స్ రాష్ట్రములోని లారెన్స్ పట్టణమున 1893లో ఇసుక వడపోతను నెలకొల్పిన పిమ్మట టైఫాయిడు మరణములు సుమారు ఐదింట నాలుగు వంతులు తగ్గినవి. కాని మందగతి వడపోత బురదనీటికి పనికిరాదు; ఇసుక పై పొర త్వరలోనే పూడిపోవును. ఒహాయో నదీజలముపై లూయీవిల్ నగరమున 1895 మొదలు 1897 వరకు జార్జి వారెన్ ఫుల్లర్ జరిపిన ప్రయోగములు దీనికి మార్గము చూపెను. నీటిలో ముందుగా పటికను కలిపి, మట్టిరేణువులను కూడగట్టి, అడుగునకు దింపి, తేరిన నీటిని వేగముగా ఇసుకగుండ పంపి, ఇసుకను ఎప్పటికప్పుడు క్రిందినుండి ఎదురు నీటితో కడుగు పద్ధతి యది. 1902లో న్యూజెర్సీలోని లిటిల్ ఫాల్స్‌లో ఆయన నిర్మించిన కర్మాగారము ఆధునిక శీఘ్రగతి వడపోతలకు మాతృక యైనది.

క్లోరిన్ కథ మరింత గుర్తుంచుకొనదగినది. జెర్సీ సిటీకి నీటిని సరఫరా చేయు ప్రైవేటు సంస్థపై, నీరు సర్వకాలములందును నిర్మలముగా లేదని నగరము వ్యాజ్యము తెచ్చెను. సంస్థకు సలహాదారుడైన డాక్టరు జాన్ లీల్, బట్టలను తెల్లబరచుటకు వాడు క్లోరిన్ పొడిని (బ్లీచింగ్ పౌడరును) అత్యల్ప మోతాదులో నీటికి కలుపుటకు నిశ్చయించి, ఫుల్లర్ రూపొందించిన పరికరముల సాయముతో 1908 సెప్టెంబరు 26న బూన్‌టన్ జలాశయము కడ ఆ పనిని ప్రారంభించెను. త్రాగునీటిలో విషపదార్థము కలుపుటా యని జనులు భయపడిన దినములవి. న్యాయస్థానము సాక్ష్యములన్నిటిని విచారించి ఆ పద్ధతిని ఆమోదించెను. లీల్, ఫుల్లర్, వారి సహచరుడు జార్జి జాన్సన్ 1909 నాటి సంఘ మహాసభయందు తమ ప్రయోగమును సవిస్తరముగా వినిపించిరి. వ్యాజ్యపత్రములలో నిలిచిపోదగిన విషయము ఈ విధముగా వృత్తి కంతటికి ఉమ్మడి సొత్తాయెను. కొలది సంవత్సరములలోనే క్లోరినీకరణము దేశమంతట వ్యాపించెను. ఏ నీటికెంత క్లోరిన్ అవసరమో నిర్ణయించు శాస్త్రీయ విధానమును బాల్టిమోరులో ఏబెల్ వోల్మన్, లిన్ ఎన్‌స్లో రూపొందించి 1919లో ప్రకటించిరి. ఈ వోల్మనే సంఘ పత్రికకు సంపాదకుడుగ పనిచేసి, 1942లో సంఘాధ్యక్షుడాయెను.

ప్రమాణములు: 1904 ఫిబ్రవరిలో బాల్టిమోరు నగరము రెండు దినములు తగులబడి 1,500లకు పైగా భవనములు నాశనమైనవి. వాషింగ్టన్, ఫిలడెల్ఫియా, న్యూయార్కు నగరములనుండి అగ్నిమాపక దళములు పరుగునవచ్చెను. కాని వారి గొట్టముల చివరనున్న మరలు బాల్టిమోరు హైడ్రెంట్ల మరలతో సరిపడలేదు. నీరున్నది, మనుష్యులున్నారు, యంత్రములున్నవి. వానిని కలుపు కొలత మాత్రము లేదు. ఏకరూపత యన్నది స్థాపకులు ఆశయపత్రమున ఏల వ్రాసిరో ఆ దినములలో లోకమునకు తెలిసినది.

1908లో సంఘము పోతయినుప గొట్టములకు తన మొదటి ప్రమాణమును ప్రకటించెను. గొట్టపు వ్యాసము, గోడ మందము, అతుకు కొలత, తట్టుకొనవలసిన ఒత్తిడి ముందే నిర్ణీతమగుటచే ఒక ఊరి కర్మాగారమున పోసిన గొట్టము మరియొక ఊరి వీధిలో అమరుటకు వీలు కలిగెను. నేడు ఇట్టి ప్రమాణములు 190కి పైగా కలవు. వడపోత ఇసుక, ద్రవక్లోరిన్, ఉక్కుగొట్టములు, కవాటములు, మీటర్లు, నీటి ట్యాంకులు, క్రొత్తగా వేసిన గొట్టములను క్రిమిరహితము చేయు విధానము ఇవి యన్నియు వాని పరిధిలోనివే. ప్రతి ప్రమాణమును తయారుచేయు సమితిలో వస్తువు తయారుచేయువారు, దానిని వాడువారు, రెండింటికి చెందని నిపుణులు సమతూకముగా నుండవలెను; ముసాయిదా బహిరంగ పరిశీలనకు వచ్చిన తరువాతనే ఆమోదము పొందును. అమ్మువాని మాటయే ప్రమాణము కాకుండ కాపాడునది ఈ నియమమే.

ప్రచురణలు: సంఘ పత్రిక 1914లో ప్రారంభమాయెను. అమెరికా ప్రజారోగ్య సంఘము 1905లో మొదట వెలువరించిన నీటి పరీక్షాగ్రంథము ‘స్టాండర్డ్ మెథడ్స్’ ప్రచురణయందు ఈ సంఘము 1925 నుండి భాగస్వామియై యున్నది. ఒకే నీటిని ఇద్దరు పరీక్షకులు వేర్వేరు రీతుల పరీక్షించి వేర్వేరు ఫలితములు చెప్పిన యెడల ఆ ఫలితములను పోల్చుట వ్యర్థము గనుక, ఈ గ్రంథము నీటి ప్రయోగశాలలకు సామాన్య వ్యాకరణము వంటి దాయెను. ‘ఎం’ అక్షరముతో సంఖ్య వేసి వెలువరించు కరదీపికలలో నీటి ధరల నిర్ణయమును గూర్చినది మొదటిది. అంతర్జాతీయ జలసంఘముతో కలిసి 2000లో రూపొందించిన నీటి నష్టముల లెక్కింపు విధానము మరియొక కరదీపికకు ఆధారము. కారిపోయిన నీటిని, లెక్కకురాని నీటిని, లెక్కకు వచ్చియు డబ్బు రాని నీటిని విడివిడిగా గణించుట ఇందలి విశేషము.

ఇటీవలి చరిత్ర: 1974లో సురక్షిత త్రాగునీటి చట్టము వచ్చిన పిదప సంఘముయొక్క పాత్ర క్లిష్టతరమాయెను. అదే కాలమున రాటర్‌డామ్‌లో యొహానెస్ రూక్, క్లోరిన్ నీటిలోని సేంద్రియ పదార్థములతో కలిసి క్లోరోఫారము వంటి పదార్థములను పుట్టించునని కనుగొనెను; రక్షకముగా నమ్మిన మందునకే హద్దులు గీయవలసివచ్చెను. 1993లో మిల్వాకీ నగరమున క్రిప్టోస్పొరిడియం అను పరాన్నజీవి వడపోతను దాటివచ్చి సుమారు 4,03,000 మందిని రోగగ్రస్తులను చేసెను. క్లోరిన్‌కు లొంగని యీ జీవిని అడ్డగింపవలసినది వడపోతయే గనుక, 1995లో ప్రభుత్వ పర్యావరణ సంస్థతోను ఇతర సంఘములతోను చేరి, చట్టము కోరినదానికన్న మెరుగైన వడపోతను స్వచ్ఛందముగా సాధించు కార్యక్రమమును సంఘము నెలకొల్పెను. 2005 నాటి కత్రీనా తుపాను తరువాత, విపత్తులో ఒక సరఫరా సంస్థకు ఇరుగుపొరుగు సంస్థలు సిబ్బందిని సామగ్రిని పంపు రాష్ట్రస్థాయి ఏర్పాట్లను దేశమంతట ప్రోత్సహించెను.

వృత్తిసంఘమునకు సహజమగు సంకటమొకటి దీనికి తప్పలేదు. ప్రజారోగ్యము దీని ధ్యేయము; వ్యయభారము మోయు సరఫరా సంస్థలు దీని సభ్యులు. సీసపు గొట్టములను పూర్తిగా తొలగింపవలెనని 2016లో ఇది తీర్మానించెను. కాని ప్రభుత్వము 2024లో చిరకాలము నశింపని ఫ్లోరిన్ రసాయనములకు కఠినమైన పరిమితులు విధించినప్పుడు, వాని ప్రాతిపదికను వ్యయపు అంచనాలను ప్రశ్నించుచు న్యాయస్థానమును ఆశ్రయించెను. ఇట్టి వ్యాజ్యములు ప్రజారక్షణను ఆలస్యము చేయునని విమర్శకులందురు. అధికవ్యయము తుదకు పేద గృహస్థుని నీటిపన్నుగా పరిణమించునని సంఘము వాదించును. ఉభయ పక్షముల మాటలోను బలమున్నది. ఆరోగ్యము పక్షమున సంశయము తీర్చుకొనుటయే ఇట్టి సంఘమునకు శోభ.

భారతదేశముతో సంబంధము: సంఘ నాయకులు 1991లో స్థాపించిన ‘వాటర్ ఫర్ పీపుల్’ అను సేవాసంస్థ పశ్చిమబెంగాల్, బీహారు గ్రామములలో త్రాగునీటికి పాటుపడినది. మన దేశమున ఇట్టి ఆదర్శముతోనే ఇండియన్ వాటర్ వర్క్స్ అసోసియేషన్ 1968లో ముంబయి కేంద్రముగా ఏర్పడెను. హైదరాబాదునందును దానికి శాఖ కలదు. ‘స్టాండర్డ్ మెథడ్స్’ మన నీటి పరీక్షాలయములలో నిత్యము వాడుకలోనున్న గ్రంథము.

మూల్యాంకనము: ఇసుక వడపోతను ఈ సంఘము కనుగొనలేదు, క్లోరిన్‌ను కనుగొనలేదు, టైఫాయిడును జయించిన కీర్తియు దీని యొక్కదానిదే కాదు. ఒకచోట ఫలించిన ఉపాయమును దాచక చెప్పుటకును, విఫలమైనదానిని సిగ్గుపడక చెప్పుటకును, రెండింటిని కొలతకు లోబరచి వ్రాసి యుంచుటకును ఒక వేదికను నూట నలుబది యేండ్లకు పైగా నిలిపి యుంచుట దీని ఘనత. ధనికనగరము చేసిన ప్రయోగఫలమును చిన్న పట్టణము వ్యయము లేకుండ పొందగలుగుట ప్రజారోగ్యమున సమానత్వమునకు తొలి మెట్టు. ఇంకను ఊరూర నీటి కొరతయు కాలుష్యమును పీడించుచున్న మన దేశమున ఇట్టి వృత్తిసంఘములు బలపడుట, అందు పంపు నడుపువాడు మొదలు ప్రధాన ఇంజనీరు వరకు సమానగౌరవముతో మాటాడ గలుగుట, వారు తేల్చిన ప్రమాణములను పురపాలక సంఘములు శ్రద్ధతో నాచరించుట అత్యావశ్యకము.