కన్వర్టిబుల్ ల్యాప్‌టాప్ భంగిమ గుర్తింపు

తెరను కీబోర్డు వెనక్కి మడిచే ల్యాప్‌టాప్ ఏ స్థితిలో ఉందో సెన్సర్ల ద్వారా తెలుసుకొని, ఆపరేటింగ్ సిస్టమ్ దానికి తగినట్టు మారే ప్రక్రియను భంగిమ గుర్తింపు అంటారు. 2012లో విండోస్ 8తో వచ్చిన లెనోవో యోగా 360 డిగ్రీలు తిరిగే తెరకు ప్రాచుర్యం తెచ్చింది. మైక్రోసాఫ్ట్ 2015 జూలై 29న విడుదల చేసిన విండోస్ 10లో ట్యాబ్లెట్ మోడ్ చేరింది.

గుర్తింపుకు ప్రధానంగా రెండు పద్ధతులున్నాయి. మొదటి పద్ధతిలో, తెర పూర్తిగా మడిచినప్పుడు అయస్కాంతం హాల్ సెన్సర్‌కు చేరువై స్విచ్ స్థితి మారుతుంది. రెండో పద్ధతిలో తెరలోనూ కీబోర్డు భాగంలోనూ ఉన్న యాక్సెలరోమీటర్లు గురుత్వ దిశను కొలవగా, ఆ రెండు కొలతల తేడా నుంచి కీలు కోణాన్ని లెక్కిస్తారు. యంత్రాన్ని పుస్తకంలా నిలువుగా పట్టుకుంటే కీలు గురుత్వ దిశకు సమాంతరమై ఈ లెక్క నమ్మదగినదిగా ఉండదు. క్రోమ్ ఓఎస్ సుమారు 200 డిగ్రీలు దాటాక ట్యాబ్లెట్ మోడ్‌లోకి వెళ్లి, 160 డిగ్రీలకు దిగువన వెనక్కి వస్తుంది. ఈ ఎడం వల్ల మోడ్ పదేపదే మారదు.

ఇలా గుర్తించిన స్థితిని ఆపరేటింగ్ సిస్టమ్‌లు అంకెతో సూచిస్తాయి. లినక్స్ కెర్నల్‌లో ఆ స్విచ్ విలువ 1 అయితే ట్యాబ్లెట్ స్థితి. విండోస్ సూచికలో మాత్రం 0 అంటే ట్యాబ్లెట్ స్థితి. ట్యాబ్లెట్ మోడ్‌లోకి మారగానే అడుగున వేళ్లకు తగిలే కీబోర్డు పనిచేయడం ఆగి, తెర మీది కీబోర్డు అందుబాటులోకి వస్తుంది.